పాలపిట్ట రంగు కారు

మా రాజేశం అన్నకు ఫోన్ల ముచ్చట పెట్టుడు చాతగాదు. 'ఆఁ' అంటడు, 'మంచిదే' అంటడు, పెట్టేస్తడు. గసొంటోడు పోయిన చలికాలం ఒకనాడు సిరిసిల్ల నుంచి నాకు ఫోన్ చేసి, "చెల్లె, నాకో పని జేసిపెడ్తవా?" అన్నడు. డెబ్బై దాటిన మనిషి, నాకు బుద్ధి తెలిసినకాణ్నుంచి నన్ను ఒక్క పని అడిగినోడు కాదు. "ఏందన్నా?" అన్న. వాళ్లింటి ముందటి నుంచి ఆటో పోయిన మోత వినవడ్డది. "కండ్ల డాక్టరుకు చూపిచ్చుకున్న. నీటికాసులంట. ఎడమ కన్ను పోయినట్టే. కుడిదాంట్ల గొట్టంల నుంచి చూసినట్టు ఇంత కనవడ్తంది. అది గూడ ఎన్నాళ్లుంటదో చెప్పలేమన్నడు. చూపున్నప్పుడే బాపు కారును దాని అసలు రంగుల ఒక్కసారి చూడాలని ఉంది పద్మా" అన్నడు.

నిజం చెప్తున్న, నాకు ముందుగాల కోపమే వచ్చింది. కండ్లు పోతున్నయని చెప్పుడేంది, దాని ఎంబడే కారు సంగతేంది! ఆ కారు గురించి మా ఇంట్ల మాట్లాడుకోం. సిరిసిల్లల మా ఇంటెనుక, ఒకప్పుడు బాపు అద్దకం పని చేసిన రేకుల షెడ్డుల, పరదా కింద ఉంటది. పాత అంబాసిడర్. దాని మీద బూడిద రంగు, దుకాణం షట్టర్లకు ఏసే పెయింటు, కుంచెతోని ఏసింది. దగ్గర నిలవడితే కుంచె గీతలు కనవడ్తయి. కొన్ని తావుల కారిపోయి గట్లనే గట్టివడ్డది. ఏసింది ఎవరో కాదు, మా బాపే. నూలుకు రంగులద్దుట్ల ఆయనను మించినోడు లేడని సిరిసిల్లల పేరున్న మనిషి, సొంత కారుకు గంత అన్యాలంగ ఏసిండు. ఎందుకేసిండో ఇంట్ల అందరికి ఎర్కే, ఎవ్వరం నోరు తెరవలే. బాపు పోయిండు, అవ్వ పోయింది. ఇగ అన్న, నేను మిగిలినం.

మా బాపు చేతులు మోచేతుల దాక ఎప్పుడూ ఏదో ఒక రంగుల ఉండేటియి. సోమారం ఎర్రగుంటే గురువారానికి నీలం. గోర్ల సందులల్ల మాత్రం అన్ని రంగులు కలిసి నల్లగుండేది. మా ఇల్లంత కాస్టిక్ సోడ వాసన, ఉడికిన రంగు వాసన, తడి నూలు వాసన. అవ్వ జొన్నరొట్టె కాలిస్తే ఆ వాసన గూడ వీటినడుమ నుంచే వచ్చేది. బాపు పొద్దుగాల ఎండ గోడమీద పడకముందే లేచి, నిన్న అద్దిన నూలు చుట్టలను, లడీలను, ఉత్తరం దిక్కు తలుపుకాడికి తెచ్చి, నమూనా దారం పక్కకు పెట్టి చూసేటోడు. దీపం ఎలుగుల రంగు చూడద్దనేటోడు, మిట్టమధ్యాహ్నం ఎండల చూడద్దనేటోడు. పనోళ్లు గంగాళంల నుంచి తడి లడి తీసి, నమూనాకు దగ్గర పెట్టి, "కలిసింది పటేలా" అన్నరనుకో, ఇగ చూడాలె ఆయన కోపం. "తడిమీద కలిస్తే ఏం లాభంరా, ఆరినంక పాలిపోతది. తడిమీద ఒక మెట్టు ముదురుండాలె, ఆరితె సరిపోతది" అని మళ్ల గంగాళంల ముంచిపిచ్చేటోడు. ఆ మాట నాకు ఎక్కం లెక్క నోటికొచ్చు. ముప్పై ఏండ్ల పైన బడిల పిల్లలకు సైన్సు చెప్పిన గని, నేను చదివిన ఏ పాఠం గూడ నాకు గంత గట్టిగ పట్టలే.

కారును బాపు వీర్నపల్లి దిక్కు ఒక దొరోళ్ల ఇంట్ల కొన్నడు. వాళ్లు పట్నం ఎల్లిపోతూ అమ్ముకున్నరు. బాపు చిన్నప్పుడు వాళ్ల తాత అదే గడిలకు మా తాతతోని చీరెల మూట మోపిచ్చుకొని, చెప్పులు బయట ఇడిపిచ్చెనట. గందుకే కావచ్చు, కారు కొన్ననాడు బాపు చెప్పులేసుకొని లోపటికి పోయి, చెప్పులతోనే కార్ల కూసోని వచ్చిండు. డ్రైవరును పెట్టుకొని తెచ్చిండు గని, వాడకట్టు మలుపుకాడికి వచ్చినంక తనే దిగి ముందట నడిచిండు, వరుడు నడిచినట్టు. స్టీరింగుకు తన చేతి రంగు అంటకుండ పాత ధోతి పేలిక చుట్టిపిచ్చిండు.

ఆ కారు రంగు పచ్చ కాదు, నీలం కాదు. దసరానాడు చూస్తే మంచిగైతదనే పాలపిట్ట ఆ ఏడు కనవడలేదని మా చిన్నది విమల పొద్దంత ఏడ్చింది. అందరు చూసొచ్చిండ్రు, దానికి మాత్రం దొరకలే. దసరా పోయిన వారానికి కారొచ్చింది. ఉరికొచ్చి దాన్ని చూసి, "ఇగో పాలపిట్ట! నాకోసమే మా ఇంటికొచ్చింది" అని చప్పట్లు కొట్టింది. పాలపిట్ట ఎగిరినప్పుడు రెక్కల కనవడేటి ఆ పచ్చ కలిసిన లేత నీలం, సరిగ్గ గదే. ఇగ వాడకట్టు వాడకట్టంత పాలపిట్ట కారే అనుడు మొదలువెట్టిండ్రు. విమలకు అప్పుడు తొమ్మిదేండ్లు, నాకు పదిహేను, అన్నకు పందొమ్మిది. ఐతారం ఐతారం మేమిద్దరం అక్కాచెల్లెండ్లం కారు కడిగేటోళ్లం. అది బానెట్ మీద సబ్బు నురగతోని బొమ్మలు గీసేది, నేను తిట్టుకుంట తుడిచేదాన్ని. అన్నకైతే కారు పానం. వచ్చిన నెలకే నడుపుడు నేర్చుకున్నడు. సీట్లకు తెల్లటి గలేబులు కుట్టిచ్చి, ఇంత మట్టి అంటితే మా మీద ఇల్లెగిరేదాక అరిచేటోడు.

తనకు గూడ గా రంగు లంగనే కావాలని విమల అన్నం మానేసి కూసున్నది. బాపుకు గది చాలు. లడి పట్టుకొని పొద్దుగాల కారుకాడికే వచ్చేటోడు, తలుపుకు ఆనిచ్చి చూసేటోడు, మళ్ల షెడ్డులకు పోయేటోడు. మూడు దినాలు తిప్పలువడ్డడు. ఆఖరుకు అద్దిన నూలు ఆరినంక గూడ కారుకంటె జర ముదురే ఉన్నది. "బాపు, గిది కలువలే" అని నేను ఎక్కిరిచ్చిన. "తెల్వకుంటె నోర్ముయ్. చిన్నపిల్ల బట్ట, ఉతుకుడెక్కువ. రెండు ఉతుకులు పడితె కారు రంగుకు దిగుతది" అన్నడు. మా మగ్గం మీదనే నేసిండ్రు. అవ్వ కుట్టిచ్చింది. దానికి రెండు ఉతుకులు పడలే.

విమలకు జరమొచ్చి మూడో దినం. బాపు రంగులు తేనీకె హైదరాబాదు పోయిండు. పొద్దుగాల మంచిగనే మాట్లాడిన పిల్ల, పగటికి మెడ తిప్పలేకపోయింది, మాట తడబడ్డది. సిరిసిల్లల డాక్టరు చూసి కరీంనగర్ తీస్కపొమ్మన్నడు. కార్ల పోతున్నమంటే గంత జరంల గూడ గా లంగనే కావాలన్నది, అవ్వ కట్టింది. అవ్వ ఎనుక సీట్ల దాన్ని ఒళ్లె పెట్టుకున్నది, అన్న నడిపిండు. బట్టీ మీద గంగాళం మరుగుతంది, నూలు కాలిపోతదని నన్ను ఇంటికాడ ఉంచిండ్రు. ఏములాడ దాటినంక ఇంజను కాగి కారు ఆగిందట. అన్న చేన్లకెల్లి నీళ్లు తెచ్చి పోసి, సల్లారినంక మళ్ల నడిపి, దవాఖానకు చేరిచ్చిండు. ఇంకో జాముకు అది పోయింది. ఇంకింత ముందుగాల తెచ్చినా మేం చేసేదేం లేకుండెనని డాక్టరు అన్నడట. గా మాట అవ్వ ఎన్నోసార్లు చెప్పింది, అన్నకు వినవడేటట్టే చెప్పింది. చిన్నదాన్ని గా లంగతోనే సాగనంపినం.

బాపు అన్నను ఒక్కమాట అనలే. దినాలు అయిపోయినంక, ఒకనాడు పొద్దుగాల ఉత్తరం తలుపు తియ్యకుండ బజారుకు పోయి, షట్టరు పెయింటు డబ్బ, కుంచె కొనుక్కొచ్చిండు. ఎవ్వరిని దగ్గరికి రానియ్యలే. పొద్దుమీకే వరకు కారంత బూడిద రంగైంది. ఆనాటి నుంచి అన్న స్టీరింగు ముట్టలే. బాపు పోయేదాక గా రంగు ఆర్డరొస్తే, "నాకు కుదరది, వేరేటోళ్ల తాన అద్దిచ్చుకోండ్రి" అని తిప్పి పంపేటోడు. కారు నడిమిట్ల ఆగిందని బాపు మనసుల పెట్టుకున్నడు, గందుకే కండ్లముందట లేకుండ చేసిండు, అన్న గదే తలుచుకొని కుములుతున్నడు అని నేను ఇన్నేండ్లు అనుకున్న. అన్న సంగతి తప్పు అనుకున్న.

సరే, అన్న అడిగిండు. కరీంనగర్‌ల పెద్ద షాపుకు పోయి అడిగితే, కంప్యూటర్‌తోని రంగు కలిపి, పైన అద్దం లెక్క ఇంకో పూత పూస్తమన్నరు, వాళ్లు చెప్పిన లెక్కకు నా పింఛను ఏడాది మొత్తం పోవాలె. అన్న తన సాంచెలు, గా కరెంటు మగ్గాలు, ఎప్పుడో తుక్కు కిందికి అమ్ముకున్నడు, ఆయన తాన ఏమున్నది. కారు రంగు నంబరు ఇంజను పక్కన రేకు మీద ఉంటది చూడమన్నరు. చూస్తే బాపు దాని మీద గూడ కుంచె తిప్పిండు. ఆఖరుకు నాతోని పనిచేసిన సారు ఒకాయన, కోరుట్లల మోయిన్ భాయ్ అని ఉన్నడు, పాత బండ్లకు చేతితోనే రంగు కలుపుతడని చెప్పిండు. నేనుండేటి జగిత్యాలల బస్సెక్కి, మేడిపల్లి మీదికెల్లి కోరుట్ల పోయిన. రోడ్డు పక్కన రేకుల షెడ్డు. అరవై ఏండ్ల మనిషి, కనుబొమ్మల మీద గూడ పెయింటు దుమ్ము. ఆయన చేతులు చూడంగనే నాకు బాపు యాదికొచ్చిండు.

"అక్కా, తక్కువల కావాల్నంటె ఒక తొవ్వ ఉంది," అన్నడు. "పైపూత వద్దు. రంగుల్నే మెరుపుండే పాతరకం పెయింటు ఉంటది, అప్పట్ల కంపెనీల గూడ గదే కొట్టేది. అసలు దానికి దగ్గరుంటది, పైసలు తగ్గుతయి. బంపర్లు, లైట్లు, పట్టీలు మీరే ఇప్పుకొని తెండ్రి. పాత పెయింటు మీరే గీకితే నాకు కూలోళ్లు అక్కెరలేదు. లప్పం అవసరమున్నకాడనే పెడ్తా."

నెల దినాలు సిరిసిల్లల ఉన్న. నీళ్లు పోసుకుంట, ఎమ్రీ కాగితంతోని అన్నాచెల్లెండ్లం బాపు కుంచె గీతలు గీకినం. అన్న కంటితోని కాదు, అరచేత్తోని తడిమి, "ఇక్కడింక గరుకున్నది చెల్లె" అని చెప్పేటోడు. బూడిద నీళ్లు షెడ్డులకెల్లి బజారుకు పారినయి. ఒకప్పుడు గదే కాల్వల ఎర్ర నీళ్లు, నీలం నీళ్లు పారేటియి, ఏ నీళ్లు పారుతున్నయో చూసి ఇయ్యాల మా బాపు రాజయ్య ఏ రంగు అద్దుతున్నడో వాడకట్టు చెప్పేది. ఇప్పుడు నూలు ఎక్కడ్నో రంగేసుకొని సంచులల్ల వస్తది. అద్దకమంటే తెలిసినోడు మా గల్లీల ఒక్కడు లేడు. గంగాళాలు పెట్టిన జాగల అద్దెకున్నోళ్ల స్కూటర్లు నిలవెడ్తరు. కుంచె గీతలు ఒక్కటొక్కటే పోతుంటే, బాపు చేసిన పనిని చెడగొడ్తున్నమనిపిచ్చింది. అన్న ఏమనుకున్నడో నాకు తెల్వది. అడిగే అలవాటు మాకు లేకపాయె.

అసలు రంగు పెట్రోలు మూత లోపటి దిక్కు దొరికింది. బాపు కుంచె అక్కడికి పోలే. రూపాయి బిళ్లంత జాగ, నిన్న మొన్న ఏసినట్టే ఉన్నది. గా మూత ఊడదీసి, కొంగుల ముడేసుకొని కోరుట్ల తీస్కపోయిన. కారును వ్యాన్ల ఎక్కిచ్చి పంపినం.

ఇగ నేను చేసిన పని వినుండ్రి. మోయిన్ భాయ్ తెల్ల పెయింటుల నీలం చుక్క, పచ్చ చుక్క, అరచుక్క నలుపు కలుపుకుంట, పొద్దంత మూతతోని పోల్చి చూసిండు. ఆఖరుకు, "అక్కా, చూడుండ్రి" అని కట్టెపుల్లతోని తీసి మూత పక్కకు పెట్టిండు. తడి పెయింటు, మూత జర్రంత తేడాతోని ఒక్కతీరున్నయి. నేను మొకం ముడుచుకున్న.

"ఇంకో మెట్టు ముదురు చెయ్యి భాయ్," అన్న.

"నహీ అక్కా. ఇది గూడ ఆరితె ముదురైతది. నేను జర లేతగనే పెట్టిన. కావాల్నంటె రేకు ముక్క మీద కొట్టి రేపటిదాక ఆరనిద్దాం."

"రేపు మా అన్న వస్తుండు. నేను అద్దకమోని బిడ్డను భాయ్, నాకు చెప్తున్నవా? తడిమీద కలిస్తే ఆరినంక పాలిపోతది."

"దారం సంగతి నాకు తెల్వది. పెయింటు ఉల్టా అక్కా."

"నా పైసలు, నా బండి. చెయ్యి అంటున్న కదా!"

ముసలోడు నా దిక్కు చూసి, తల ఊపి, ఇంత నీలం పోసిండు. ఆ సాయంత్రమే గన్నుతోని కొట్టిండు. తడి మీద మెరుస్తుంటే, బాపు చూస్తే మెచ్చుకునేటోడని నేను గర్వపడ్డ. గంత మూర్ఖం ఎవరికుంటది?

నేను రాత్రి బస్సుకు సిరిసిల్ల పోయి, తెల్లారి అన్నను కిరాయి కార్ల తీస్కొస్తున్న. తొవ్వల మోయిన్ భాయ్ ఫోన్ చేసిండు. "అక్కా, ఆరింది. నేను చెప్పిందే అయింది. మూత పక్కకు పెడితె బాగ ముదురున్నది. మీరు వద్దంటె మళ్ల కొడ్తా గని, పెయింటు పైసలు..." అన్నడు. నేను "ఊఁ" అని పెట్టేసిన. పక్కన అన్న కిటికిల నుంచి బయటికి చూస్తుండు. ఉతికిన తెల్లంగి తొడుక్కున్నడు, గడ్డం గీసుకున్నడు. చేతికి పైసల్లేవు, ఆయనకు టైము లేదు. తన కుడికన్నుల మిగిలిన ఇంత చూపుతోని చూసేది తప్పు రంగు, అది నా తలపొగరుతోని.

షెడ్డుల ఎండ పడకముందే చేరినం. మోయిన్ భాయ్ తలుపులు బార్ల తెరిచి, పక్కకు నిలవడ్డడు. అన్న కారుకు మూడడుగుల దూరంల ఆగిండు. తల ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పుకుంట, గొట్టంల నుంచి చూసినట్టు చూసిండు. బానెట్, తలుపులు, ఎనుక తలుపు. చానసేపు చూసిండు. నేను ఆగలేకపోయిన. "అన్నా, తప్పు నాదే. భాయ్ చెప్పిండు, నేనే వినలే. అసలు రంగు ఇంకా లేతగుండేది. మళ్ల ఏసిపిస్త, నేను ఏదన్న చేస్త..."

"ఆగు చెల్లె," అన్నడు. "ఇది కారు రంగు కాదు. చిన్నదాని లంగ రంగు."

నాకు అప్పుడు కనవడ్డది. బాపు మూడు దినాలు కారు తలుపుకు లడి ఆనిచ్చి అద్దిన రంగు. ఉతుకులకు దిగాలని ముదురు పెట్టి, దిగకుండనే పోయిన రంగు. ఆయన తన బిడ్డకోసం ఎంత ముదురు పెట్టిండో, ఆయన కన్ను నాకొచ్చి నేను గూడ గంతే పెట్టిన. యాబై ఏండ్ల పైన అయింది, విమల మొకం నాకు సరిగ్గ యాదిల లేదు, ఒక్క ఫోటో లేదు. లంగ మాత్రం కండ్లముందట నిలవడ్డది, కారంత అయి.

"పద్మా, నేను స్టీరింగు ముట్టనిది ఇంజను ఆగినందుకు కాదే," అన్నడు అన్న. నేను అడగలే. ఆయనే చెప్పిండు. "అందరు గదే అనుకున్నరు. బాపు గూడ గదే అనుకున్నడు. ఏములాడ దాటినంక, నేను నీళ్లు తెచ్చి పోస్తుంటే, చిన్నది కక్కుకున్నది. సీటు మీద, తెల్ల గలేబు మీద. నాకు భయం, ఎండ, కారు నడుస్తలేదు. ఎనుకకు తిరిగి, 'సీటు ఖరాబ్ చేసినవ్ కదే, దరిద్రం దానా' అని అరిచిన. కొట్టనీకె చెయ్యి లేపిన. కొట్టలే. అది అవ్వ కొంగుతోని సీటు తుడవబోయింది, చెయ్యి ఆడలే. 'అన్నా, లంగ గూడ ఖరాబైంది, బాపు కొడ్తడా?' అన్నది. నేను జవాబియ్యలే. మళ్ల దాంతోని నేను మాట్లాడలే, అది మాట్లాడలే. అవ్వ అన్ని విన్నది. సచ్చేదాక నన్ను ఒక్కమాట అనలే."

మోయిన్ భాయ్ తల దించుకొని బయటికి పోయిండు. నేను అన్న భుజం పట్టుకోబోయిన, మెల్లగ నా చెయ్యి తీసేసిండు. "మళ్ల ఏసిపియ్యాల్నా అన్నా?" అంటే, వద్దన్నట్టు తల ఊపిండు. గోడ పట్టుకున్నట్టు కారును పట్టుకుంట, కొత్త రంగు మీద అరచెయ్యి జరుపుకుంట ఎనుక తలుపుకాడికి పోయిండు. పిడి ఎక్కడుందో దొరకలే, నేను తీసిన. గలేబులు ఎప్పుడో పోయినయి, లోపట చినిగిన రెగ్జిన్ సీటు, నెల దినాలు గీకిన దుమ్ము. తెల్లంగి మట్టైతదని చెప్పబోయి ఊకున్న. అన్న వంగి, లోపటికి పోయి, ఒక మూలకు ఒదిగి కూసున్నడు, పక్కన ఇంకొకల్లకు జాగ ఇడిసిపెట్టి. ఆ జాగల చెయ్యి ఆనిచ్చి, మెల్లగ నిమిరిండు.

"సీటు పోతె పోయింది తియ్యి బిడ్డా," అన్నడు. "లంగ ఉతుకుదాం. బాపు ఏమనడు. నువ్వు పండుకో."

నేను తలుపు మూసి, బయటనే నిలవడ్డ.